వారెవా నుంచి మస్తానమ్మ దాకా: మన వంట వీడియోల చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. స్టవ్ పక్కన ఫోన్ పెట్టుకుని కూర వండే అలవాటు మనకు ఎలా వచ్చిందో చూద్దాం.

1993లో జీ టీవీలో సంజీవ్ కపూర్ 'ఖానా ఖజానా' మొదలైంది. ఆ తర్వాత ఈటీవీ 'అభిరుచి' తెలుగు ఇళ్లలోకి వచ్చింది. కానీ టీవీతో ఒక చిక్కుంది. షో వచ్చే టైమ్‌కి కూర్చోవాలి, పెన్నూ పేపరూ పట్టుకుని గబగబా రాసుకోవాలి. ఒక్క ముక్క మిస్ అయితే అంతే, వెనక్కి తిప్పడం కుదరదు.

ఇక్కడే మన సంజయ్ తుమ్మ కథ వస్తుంది. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివారు, అమెరికా వెళ్లి షికాగోలో రెస్టారెంట్లు నడిపారు. తిరిగొచ్చి 2007లో 'వారెవా' వెబ్‌సైట్ పెట్టారు. యూట్యూబ్ పుట్టి అప్పటికి రెండేళ్లే. స్టార్ హోటల్ చెఫ్ అంటే గంభీరంగా ఉంటాడనుకుంటాం కదా, ఈయన నవ్వుతూ, లొట్టలేస్తూ వండేవారు. అన్నిటికన్నా ముఖ్యం, ఏం వేయాలో చెప్పి ఊరుకోలేదు, ఎందుకు వేయాలో కూడా చెప్పారు. బీటెక్ వాణ్ణి కాబట్టి నాకు ఆ 'ఎందుకు' బాగా ఎక్కింది. కారణం తెలిస్తే ఇంట్లో ఒక దినుసు లేకపోయినా వంట ఆగదు.

మా నెల్లూరు చేపల పులుసే తీసుకోండి. చింతపండు, మామిడికాయ, మట్టి దాక... ఇవన్నీ కాగితం మీద రాయొచ్చు. చేప ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, దాకనే రెండు చేతులా పట్టుకుని అలా ఒక తిప్పు తిప్పాలి. ఆ తిప్పు ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు, చూసి నేర్చుకోవాల్సిందే. వీడియో చేసిన అసలు మేలు ఇదే.

2016లో జియో వచ్చి డేటా చవకైంది. అదే ఏడాది 'కంట్రీ ఫుడ్స్' ఛానల్ మొదలైంది. ఏ డిగ్రీ లేని కోస్తాంధ్ర పల్లె అవ్వ మస్తానమ్మ, నూరేళ్లు దాటిన వయసులో, కట్టెల పొయ్యి మీద పుచ్చకాయ చికెన్ వండి ప్రపంచానికి చూపించింది. గ్రాముల లెక్క లేదు, అంతా చేతి కొలతే. 2018 డిసెంబర్‌లో ఆమె చనిపోయింది. అంటే నూరేళ్ల చేతివాటంలో కెమెరాకి దొరికింది రెండేళ్లే.

నాకు గుచ్చుకునేది అదే. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా మన తీరంలో అలాంటి చేతులు ఇంకా ఎన్నో ఉన్నాయి. సంజయ్ తుమ్మ నేర్చుకున్నది పైవాళ్లకి చెప్పగలిగారు. మన అవ్వలకి కెమెరా పెట్టుకోవడం రాదు. ఆ పని మనదే.

ఈ ఆదివారం మీ ఇంట్లో పులుసు పెడితే, పక్కన నిలబడి రికార్డ్ చేయండి. ఎక్కడా పోస్ట్ చేయక్కర్లేదు. "ఎందుకవ్వా?" అని మాత్రం అడుగుతూ ఉండండి. మళ్లీ కలుద్దాం.