నేల ఉసిరి: పసరు నుంచి ప్రయోగశాల దాకా

రొళ్ల మండలంలో నాలుగు వానలు గట్టిగా పడితే చాలు, చేని గట్ల మీద, వక్కతోటల నీడలో, బోరు కాలవల పక్కన నేల ఉసిరి లేస్తుంది. జానెడు, మహా అయితే మూరెడు ఎత్తు. సన్నని రెమ్మకు అటూ ఇటూ చింతాకును పోలిన చిట్టి ఆకులు. పైనుంచి చూస్తే ఇంకేమీ కనబడదు. రెమ్మను వెనక్కి తిప్పి చూడాలి. ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో గుండ్రని పచ్చని కాయ, చిన్న తొడిమతో, వరసగా వేలాడుతూ ఉంటుంది. పొద్దు గూకితే ఆకులు ముడుచుకుంటాయి. తెలుగూ కన్నడమూ కలగలిపి మాట్లాడే ఈ పొలిమేర ఊళ్ళలో కొందరికిది నేల ఉసిరి, కొందరికి నెలనెల్లి. కలుపు తీసేటప్పుడు పీకి పారేసే మొక్క ఇదే. ఇంట్లో ఎవరికైనా కళ్ళు పచ్చబడితే వెతుక్కుని తెచ్చేదీ దీన్నే.

కామెర్లకు పసరు ఇచ్చే పద్ధతి రాయలసీమ ఊళ్ళలో చాలామందికి తెలిసిందే. మొక్కను వేరుతో సహా పీకి, మన్ను పోయేలా కడిగి, మెత్తగా నూరి, ఆ ముద్దను మజ్జిగలోనో మేకపాలలోనో కలిపి పరగడుపున తాగిస్తారు. నోరంతా చేదు. తర్వాత పథ్యం: ఉప్పు, కారం, నూనె బంద్. కొన్ని వారాలకు కళ్ళ పసుపు విరుగుతుంది, ఆకలి పుడుతుంది. పసరు పనిచేసిందని ఇల్లంతా నమ్ముతుంది. నమ్మడంలో తప్పేముంది? కళ్ళెదుట కనబడిందే కదా. అయితే ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తేల్చడానికి ఈ కలుపు మొక్క వెంట వాల్తేరు, మద్రాసు, ఫిలడెల్ఫియా శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి తిరిగారు.

ఆయుర్వేదానికి ఈ మొక్క కొత్తది కాదు. భూమ్యామలకి, తామలకి అన్న పేర్లతో పాత గ్రంథాల్లో ఉంది. చరకసంహిత దీన్ని దగ్గునూ ఆయాసాన్నీ తగ్గించే మూలికల గుంపుల్లో చేర్చింది. చ్యవనప్రాశలో వేసే దినుసుల్లో ఇదీ ఒకటి.

దీని చేదులో ఏముందని పట్టుగా వెతికింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయం. అప్పుడు వాల్తేరులో రసాయనశాస్త్ర శాఖను నడిపిస్తున్నవారు టి.ఆర్. శేషాద్రి. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన ఆయన, మన చెట్టూచేమల్లోని పదార్థాలను విడదీసి చూడడమే పనిగా పెట్టుకున్నారు. 1946లో జి.వి. కృష్ణమూర్తితో కలిసి నేల ఉసిరి చేదు పదార్థం మీద పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ పదార్థమే ఫిల్లాంతిన్. దాని అణువు ఎలా అమరి ఉందో తేలడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ పని కూడా వాల్తేరులోనే, ఎల్. రామచంద్రరావు బృందం చేతుల మీదుగా 1960లలో జరిగింది. ఫిల్లాంతిన్‌కు జతగా ఉండే హైపోఫిల్లాంతిన్ కూడా లిగ్నాన్లనే రసాయనాల జాతిదేనని అప్పుడే తేలింది. ఈ వాల్తేరు అధ్యాయం మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది. ఇంత పెద్ద పని మన గడ్డ మీద జరిగిందని మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1985లో లక్నో, జపాన్ శాస్త్రవేత్తలు కలిసి ఈ రెండు పదార్థాలనూ ఎలుక కాలేయ కణాల మీద పరీక్షించారు. కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి విషాలు పోసినా, ఫిల్లాంతిన్ ఉన్నచోట కణాలు బాగా తట్టుకున్నాయి. కాలేయానికి మేలు చేస్తుందన్న పల్లె మాటకు ప్రయోగశాలలో కొంత బలం దొరికింది.

అసలు మలుపు మద్రాసులో వచ్చింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎస్.పి. త్యాగరాజన్ హెపటైటిస్ బి వైరస్ మీద పనిచేస్తూ, కామెర్లకు నాటు వైద్యులు వాడే గుంటగలగరనూ నేల ఉసిరినీ తీసుకుని, అవి వైరస్ పైపొర ప్రొటీన్‌ను పరీక్షనాళికలో నిర్వీర్యం చేస్తున్నాయని 1982లో రాశారు. ఆ వైరస్ గుట్టు విప్పి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ అప్పుడు ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ క్యాన్సర్ కేంద్రంలో ఉన్నారు. ఆయన, పి.ఎస్. వెంకటేశ్వరన్, ఇర్వింగ్ మిల్‌మన్ కలిసి 1987లో మరో అడుగు వేశారు. నేల ఉసిరి సారం వైరస్ తన డీఎన్ఏను పెంచుకోవడానికి వాడే ఎంజైమును అడ్డుకుంటోందని చూపించారు. అదే జాతి వైరస్ సోకే ఉడ్‌చక్ అనే అమెరికా జంతువుకు ఆ సారం ఎక్కిస్తే కొన్నింటి రక్తంలో వైరస్ ఆనవాళ్ళు తగ్గాయి.

1988లో లాన్సెట్ వైద్య పత్రికలో మద్రాసు, ఫిలడెల్ఫియా బృందాల ఉమ్మడి పత్రం వచ్చింది. వీళ్ళు కామెర్ల రోగులను తీసుకోలేదు. పైకి ఆరోగ్యంగానే ఉంటూ ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ మోస్తున్నవాళ్ళను తీసుకున్నారు. ఎండబెట్టి పొడి చేసిన నేల ఉసిరిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు కనబడకుండా పోయింది. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. నూటికి 59 ఒక పక్క, 4 మరో పక్క. ప్రపంచమంతా రొళ్ల గట్టు మీది కలుపు మొక్క వైపు చూసింది.

తర్వాత అదే ప్రయోగాన్ని ఎందరో మళ్ళీ చేసి చూశారు. 1990లో థాయిలాండ్‌లో ఫలితం రాలేదు. నెదర్లాండ్స్‌లో రాలేదు. 1994లో న్యూజిలాండ్‌లోనూ రాలేదు. 2011లో వైద్య ప్రయోగాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి పరిశీలించి, ఉత్తుత్తి మాత్రల కంటే ఇది మేలని నమ్మించే ఆధారం లేదని తేల్చింది.

మరి మద్రాసులో ఎందుకు వచ్చింది? ఒక అనుమానం మొక్క మీదే. నేల ఉసిరి పేరుతో మన చేలలో దొరికేది ఒక్క మొక్క కాదు. నునుపైన కాయకు తొడిమ ఉంటే అది ఫిల్లాంతస్ అమారస్. కాడ ఎర్రబారి, గరుకు కాయ తొడిమ లేకుండా రెమ్మకు అంటుకుని ఉంటే అది ఫిల్లాంతస్ యూరినేరియా. పూరేకులు అయిదుకు బదులు ఆరు ఉంటే ఇంకొకటి, ఫ్రాటర్నస్. మన శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళు దీన్ని నిరూరి అని రాశారు. అసలు నిరూరి అమెరికా ఖండపు మొక్క అని, మనది వేరని 1957లో వెబ్‌స్టర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు విడమరచి చెప్పారు. వాల్తేరు పత్రంలోనూ, 1987 నాటి ఫిలడెల్ఫియా పత్రంలోనూ నిరూరి అనే ఉంది. 1988 లాన్సెట్ పత్రానికి వచ్చేసరికి అది అమారస్ అయింది. ఏ నేలలో, ఏ కాలంలో పీకారన్నదాన్ని బట్టి కూడా మొక్కలో సారం మారుతుంది. అయినా మొక్క తేడాతోనే అన్నీ సర్దుకుపోతాయని నేను అనుకోను. 37 మందీ 23 మందీ అంటే చిన్న గుంపులు. ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని ఊరేగడం తొందరపాటు.

పల్లెలో పసరుకు ఇంత పేరెలా వచ్చిందన్నదానికి జవాబు వేరేచోట ఉంది. మన ఊళ్ళలో కామెర్లు చాలావరకు కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలవి. అవి ఎక్కువమందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పెద్దవయసులో సోకిన హెపటైటిస్ బి కూడా నూటికి 95 మందిలో ఒంట్లోంచి దానంతటదే పోతుంది. పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డకు సోకినప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. అలాంటి పిల్లల్లో నూటికి 90 మందికి అది జీవితకాలం ఉండిపోయి, పెద్దయ్యాక కొందరిలో కాలేయం గట్టిపడడానికీ క్యాన్సర్‌కూ దారి తీస్తుంది. చాలా ఏళ్ళు కళ్ళు పచ్చబడవు కాబట్టి పసరు కోసం ఎవరూ రారు. నాకు భయమల్లా వీళ్ళ గురించే. కామెర్లు పోవాలని చేతికి వాత పెట్టించుకుని, పసరు మీద పసరు తాగుతూ, రక్తపరీక్ష వాయిదా వేసుకునేవాళ్ళ గురించి కూడా.

ఆ బిడ్డలకు అడ్డుగోడ కట్టింది కూడా తెలుగు నేలే. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాదులో తయారుచేసిన శాన్‌వాక్-బి టీకా, దిగుమతి టీకాల ధరను కిందికి లాగింది. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేసే మొదటి డోసు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. వైరస్ ఒంట్లో నిలిచిపోయినవాళ్ళకు టెనోఫోవిర్ లాంటి మాత్రలు ఉన్నాయి.

నేల ఉసిరి మీద పని మాత్రం ఆగలేదు. కాలేయ కణాలను కాపాడే గుణం మీద, వాపును తగ్గించే గుణం మీద పరిశోధనలు నడుస్తూనే ఉన్నాయి. నేల ఉసిరి పొడిలో, మాత్రల్లో సరుకు మంచిదో కాదో తేల్చడానికి ప్రయోగశాలల్లో కొలిచేది ఈనాటికీ వాల్తేరువాళ్ళు గుట్టు విప్పిన ఆ ఫిల్లాంతిన్‌నే.