బొబ్బిలి వీణ

ఆంధ్రప్రదేశ్‌లోని బొబ్బిలి పరిసరాల్లో, ముఖ్యంగా గొల్లపల్లిలో, సర్వసిద్ధి కుటుంబాలవారు తయారుచేసే సరస్వతీ వీణ. భౌగోళిక గుర్తింపు పొందింది. దీని ప్రత్యేకత ఏకాండి పని: నాదాన్ని పెంచే గుండ్రటి కుండ, మెట్లుండే పొడవాటి దండి రెండూ ఒకే పనస దుంగలోంచి వస్తాయి, మధ్యలో అతుకుండదు. పనస చెక్క తేలిక, బాగా ఆరితే నాదం చక్కగా పలుకుతుంది. కుండను లోపల ఉలితో తొలిచి గుల్ల చేస్తారు. పైన పలక, దండి చివర కిందికి వంగిన యాళి అనే కల్పిత మృగం తల, అంచుల వెంట లతలు, పూలు. చూపు ముందుగా యాళి మీదికే పోతుంది గానీ, అసలైన పనితనం మెట్ల దగ్గర తెలుస్తుంది. 24 లోహపు మెట్లను నల్లమైనంలో కూర్చి, తీగ మీటి వింటూ ఒక్కొక్కటే జరుపుతారు. ఇక్కడ కొలబద్ద కంటే చెవి మాటే చెల్లుతుంది. తీగలు ఏడు: వాయించేవి నాలుగు, తాళానికి పక్కన మూడు. బహుమతులుగా ఇచ్చే చిన్న బొమ్మ వీణలూ ఇక్కడివే. చెక్కడం వాటిలోనూ ముచ్చటగానే ఉంటుంది, కానీ అవి అలంకారానికే.