వెనుకవరుస వీరులు

మహాసభా సంచికలయందు స్వకులమున జన్మించిన ప్రముఖుల చరిత్రలను ప్రకటించుట వాడుక. ఇందు మేము ప్రస్తావింపబోవువారు మన కులమువారు కారు, మన జిల్లావారును కారు. అయినను వీరి చరిత్రము మన బాలురకు తెలియుట యావశ్యకమని తలంచి వ్రాయుచున్నారము.

గోదావరి కీవల పాల్వంచ నిజాము రాజ్యమునను, ఆవల భద్రాచలము ఇంగ్లీషువారి యేలుబడిలోను ఉండిన దినములనుండి అడవియంచున గాపురముండిన మనకు పొలిమేర కాచుట యెంత కష్టమో వేరుగ జెప్ప బనిలేదు. ఫుట్‌బాలు ఆటయందు అట్టి కావలి కాయువారిని బ్యాకులందురు. గోలు కొట్టినవాని పేరు ఊరంతయు జెప్పుకొనును. గోలు పడనీయనివాని నెవ్వరు తలంతురు?

1951వ సంవత్సరమున ఢిల్లీ నగరమున జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన దేశము ఇరానును ఒక గోలుతో నోడించి స్వర్ణపతకము గైకొన్నది. ఆ గోలు కొట్టిన మేవాలాలు నామము చరిత్రలో నిలిచినది. కాని ఇండొనీషియా, ఆఫ్ఘనిస్థానము, ఇరాను, ఈ మూడు జట్లతో నాడిన మూడాటలలోను మనపై నొక్క గోలైనను పడలేదు. దీనిని స్మరించువారు అరుదు. ఆ జట్టునకు నాయకుడు వంగదేశీయుడైన శైలేన్ మన్నా. ఆయనయు బ్యాకే. హైదరాబాదు బ్యాకు సయ్యదు ఖ్వాజా అజీజుద్దీను, హాఫ్‌బ్యాకు నూర్ మహమ్మదు ఆ జట్టులోనివారు.

మరుసటి యేట హెల్సింకి ఒలింపిక్సులలో యుగోస్లావియా మనపై పది గోలులు కొట్టినది. మనకు దక్కిన దొక్కటి. ఆ చలిదేశమున మనవారు పెక్కురు వట్టికాళ్లతో నాడిరి. ఆనాటి ఆటతీరున వెనుక నిలుచు బ్యాకులిద్దరే. ఎదుట నైదుగురు దాడిచేయుచుండ ఇద్దరే యడ్డుపడుట యెట్టిదో చదువరులే యూహింతురుగాక. ఆ యిద్దరు మన్నా, అజీజుద్దీను. ఓటమి భారమును వారి తలపైనే మోపుట న్యాయముగాదని మా యభిప్రాయము. 1956లో మెల్‌బోర్నునకు వెడలిన జట్టులోను అజీజుద్దీనుండెను. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోలులతో గెలిచి నాలుగవ స్థానము బొందినది.

హైదరాబాదునుండి యిట్టివారు వరుసగా నెట్లు పుట్టిరి? ఇందు దైవికమేమియు లేదు. నగర పోలీసుశాఖ ఆటగాండ్రకు ఉద్యోగమిచ్చి యన్నముపెట్టినది. ఉపాధ్యాయవృత్తి నవలంబించిన సయ్యదు అబ్దుల్ రహీము వారికి గురువై 1963లో మరణించువరకు ఆ విద్యకే తన జీవితము నర్పించెను. 1950 మొదలు 1954 వరకు అయిదేండ్లు వరుసగా రోవర్సు కప్పు ఆ పోలీసు జట్టునకే దక్కినది. కడుపునకు జీతము, కాలికి శిక్షణ రెండును ఒక్కచోట లభించినచో ఫలమిట్లుండును.

1962లో జకార్తాయందు రహీము శిక్షణలోనే మనవారు మరల స్వర్ణము గెలిచిరి. పంజాబు వీరుడు జర్నెయిల్ సింగు స్వతహా బ్యాకు. తలకు గాయమై కుట్లుపడియున్నందున గురువాతనిని ముందువరుసకు బంపగా, తుదియాటలో గోలు గొట్టెను. నేటికిని లోకమాతనిని గూర్చి మొదట జెప్పునది ఆ గోలుముచ్చటయే. బ్యాకునకు గీర్తి గలుగవలెనన్న గోలే కొట్టవలెను గాబోలు!

ఆ తరువాతివాడు 1944లో జన్మించిన హైదరాబాదువాసి సయ్యదు నయీముద్దీను. ఈస్టు బెంగాలు, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగు అను కలకత్తాలోని మూడు పెద్దజట్లలోను ఆడెను. 1970లో బాంకాకున ఈయన నాయకత్వమున మన జట్టు జపానును ఒక గోలుతో నోడించి కాంస్యము దెచ్చినది. అటుపిమ్మట ఆసియా క్రీడలలో మన పురుషుల ఫుట్‌బాలు జట్టునకు బతకమే లేదు. ఆ యేడే ఈయనకు అర్జున పురస్కారము లభించినది. ఆట మాని గురువైన పిదప 1990లో ద్రోణాచార్య పురస్కారమును లభించినది. ఆటగాడై యొకటి, గురువై యొకటి బొందినవా రరుదు.

కోతలైన వరిమళ్లలో వట్టికాళ్లతో బంతియాడు పిల్లలు ఇల్లెందు, పాల్వంచ, భద్రాచలము ప్రాంతములందు మనకును గలరు. మన సంఘము పరీక్షలందు ప్రథములకు బహుమతు లిచ్చుచున్నది. ఇది యుక్తమే. విద్యార్థి వసతిగృహ నిధికి ధారాళముగ విరాళము లొసగుచున్న పోషక మహాశయులు, ఆ నిధిలో గొంత భాగమును ఒక మైదానమునకు, బూట్లకు, నెలజీతముపై నొక శిక్షకునికి ప్రత్యేకింపవలెనని ఈ మహాసభయెదుట మా విన్నపము. మొదటి జత బూట్లు వెనుకవరుసవానికే యిప్పింపుడు.