రబ్బరు నగరం, గాలపు పెట్టె

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అనే ఊరుంది. ఇక్కడి విశ్వవిద్యాలయంలో పాలిమర్ సైన్సు చదవడానికి మన పిల్లలు వస్తుంటారు కాబట్టి విశాఖలో కొన్ని ఇళ్లకు ఈ పేరు పరిచయమే. మనకు ఉక్కు ఎలాగో ఈ ఊరికి రబ్బరు అలాగ. 1870లో బెంజమిన్ గుడ్‌రిచ్ ఇక్కడ రబ్బరు పని మొదలుపెట్టాడు. 1898లో గుడ్‌ఇయర్, 1900లో ఫైర్‌స్టోన్ ఇక్కడే పుట్టాయి. 1910లో 69 వేలున్న జనాభా పదేళ్లు తిరిగేసరికి 2 లక్షల 8 వేలైంది. వెస్ట్ వర్జీనియా కొండల నుంచి పనికి వచ్చినవాళ్లకు ఉండడానికి ఇళ్లు చాలక, ఒక షిఫ్టువాడు లేచిన మంచం మీద ఇంకో షిఫ్టువాడు పడుకునేవాడు. స్టీల్‌ప్లాంటు కట్టే రోజుల్లో గాజువాక అద్దె గదులు ఎరిగినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఊరి చరిత్రే కాదు, ఈ దేశపు పనివాళ్ల చరిత్ర కూడా నాకు బోధపడింది చేపలు పట్టేవాళ్ల పెట్టెల్లోంచి.

ఇక్కడివాళ్లకు బాస్ చేపంటే ప్రాణం. మంచినీటి చేప, పెద్ద నోరు. మన కొరమీనులాగే నాచులో నక్కి ఉండి కదిలేదాని మీద విరుచుకుపడుతుంది, గుడ్లకూ పిల్లలకూ కాపలా కాస్తుంది. దాన్ని పట్టడానికి కొయ్యతోనో రేకుతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన దొంగ ఎరను లూర్ అంటారు. మేఘాద్రిగెడ్డ వైపు కొరమీను కోసం రబ్బరు కప్ప విసిరే కుర్రాళ్లకు ఈ విద్య కొత్త కాదు. ఆక్రన్ పక్కనే పోర్టేజ్ లేక్స్ అనే సరస్సుల వరస ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో పడవల కాలవకు నీళ్లందించడానికి వాటిని వాడుకున్నారు. కాలవ పోయింది, సరస్సులూ వాటిలో బాస్ చేపలూ ఉన్నాయి. వాటి గట్టున కూర్చున్న ఏ పెద్దాయన పెట్టె తెరిపించినా కనీసం మూడు తరాల సామాను బయటపడుతుంది.

వీళ్లు దేన్ని ఎక్కువగా పోగేస్తారని అడిగితే, లెక్క ప్రకారం వచ్చే జవాబు ప్లాస్టిక్ వానపాము. చవక, నాలుగు చేపలు కొరికితే చిరిగిపోతుంది, నీటి రంగును బట్టి ఊదా ఒకటి, నలుపు ఒకటి, గుమ్మడి రంగు ఒకటి కావాలి. అందుకే సంచులకు సంచులు పేరుకుపోతాయి. ఇది పుట్టిందీ ఆక్రన్‌లోనే. నిక్ క్రీమ్ అనే మెషినిస్టు, ఆయన భార్య కలిసి 1949లో వంటింటి పొయ్యి మీద ప్లాస్టిక్ కరిగించి, అచ్చులో పోసి దీన్ని తయారు చేశారు. నీళ్లలో పడితే అచ్చం బతికున్న వానపామే. రబ్బరు, ప్లాస్టిక్ గుణాలు ఊరి గాలిలోనే ఉన్నచోట ఒక పనివాడి ఇంట్లో ఇలాంటిది పుట్టడంలో నాకు ఆశ్చర్యం లేదు. తర్వాత క్రీమ్ టెక్సస్‌లోని టైలర్‌కు తరలిపోయాడు. అక్కడ కొత్త రిజర్వాయర్లు, వాటి నిండా బాస్ ఉన్నాయి.

దాచుకోవడానికి, కొడుకులకు అప్పగించడానికి సేకరించేవి వేరు. అక్కడ పాత కొయ్య లూర్లదే పైచేయి. సేకర్తలు అయిదు పేర్లు పెద్దవిగా చెప్తారు: హెడన్, క్రీక్ చబ్, షేక్‌స్పియర్, సౌత్ బెండ్, ఫ్లూగర్. అన్నీ మిషిగన్, ఇండియానా, ఒహాయోల్లోని కార్ఖానా ఊళ్లవే. మిషిగన్‌లోని డొవాజియాక్‌లో జేమ్స్ హెడన్ తేనెటీగలు పెంచేవాడు. చెరువు గట్టున కూర్చుని చెక్కుతున్న కొయ్యముక్కను నీళ్లలోకి విసిరితే బాస్ ఎగిరి కొట్టిందట, అదే కంపెనీకి నాంది అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఫ్లూగర్ కంపెనీ 1881లో మా ఆక్రన్‌లోనే మొదలై, చీకట్లో మెరిసే ఎరలకు పేటెంటు తెచ్చుకుంది. ఈ సేకర్తలకు 1976 నుంచీ జాతీయ క్లబ్బు ఉంది. ఇదే ఈశాన్య ఒహాయోలోని పెయిన్స్‌విల్‌లో రైలీ హాస్కెల్ 1859లో పేటెంటు పొందిన రాగి చేప ఒకటి 2003 వేలంలో లక్ష డాలర్లు దాటింది.

క్రీక్ చబ్‌ను కోరుకునేవాళ్ల మనసులో 1932 ఉంటుంది. ఆర్థిక మాంద్యం దేశాన్ని నలిపేస్తున్న ఏడు. జార్జియాలో జార్జ్ పెర్రీ అనే పేద రైతు కుర్రాడు ఆ జూన్ 2న క్రీక్ చబ్ లూర్‌తో 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. మన లెక్కలో పది కిలోల పైమాట. ప్రపంచ రికార్డు చేప, ఆ ఇంట్లో కూరైంది. ఆ రోజుల్లో ఆకలి ఎంతటిదో ఇంతకన్నా బాగా ఏ పాఠ్యపుస్తకం చెప్పగలదు? ఆ బరువుకు సాటి వచ్చిన చేప 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో దొరికింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జిట్టర్‌బగ్. దాన్ని చేసిన ఫ్రెడ్ ఆర్బోగాస్ట్ గుడ్‌ఇయర్‌లో పనిచేసి బయటికొచ్చినవాడు. గాలం విసరడంలో పేరు మోసిన పోటీదారు. లూర్లకు రబ్బరు కుచ్చులు కట్టి పేరు తెచ్చుకున్నాడు. 1938లో వచ్చిన జిట్టర్‌బగ్‌కు మూతి దగ్గర వెడల్పాటి రేకు ఉంటుంది. లాగుతుంటే అది అటూ ఇటూ ఊగుతూ నీళ్లను బుడబుడలాడిస్తుంది. చీకటి పడ్డాక దీన్ని మించింది లేదని పాతవాళ్లు ఇప్పటికీ ఒట్టేసి చెప్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం మీద ఆంక్షలు వచ్చినప్పుడు ఆ రేకు స్థానంలో ప్లాస్టిక్ మూతి పెట్టారు. ఇదే ఆక్రన్‌లో గుడ్‌ఇయర్ విమాన విభాగం ఆ ఏళ్లలో నాలుగు వేల పైచిలుకు కోర్సెయిర్ యుద్ధవిమానాలు తయారు చేసింది. ఊళ్లోని అల్యూమినియం ఎక్కడికి పోయిందో అరచేతిలో పట్టే ఈ బొమ్మ చెబుతుంది. సేకర్తలు ప్లాస్టిక్ మూతి జిట్టర్‌బగ్‌ను ప్రత్యేకంగా వెతికేది అందుకే.

యుద్ధం ముందూ వెనకా ఈ దేశం నదులకు అడ్డంగా ఆనకట్టలు కడుతూ పోయింది. 1933లో ఏర్పడిన టెనసీ వ్యాలీ అథారిటీ ఒక్కటే దక్షిణాది రూపురేఖలు మార్చేసింది. ఊళ్లు మునిగాయి, రైతులు కదిలారు. ప్లాంటుకు భూములిచ్చిన మన 64 గ్రామాల వాళ్లకు ఆ బాధ తెలుసు. ఆ కొత్త జలాశయాల్లో బాస్ విస్తరించింది, 1967లో రే స్కాట్ ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో పెద్ద పోటీ పెట్టాడు, బాస్ వేట డబ్బున్న క్రీడైంది. అణుబాంబు కోసం కట్టిన ఓక్ రిడ్జ్ పట్నంలో ఫ్రెడ్ యంగ్ బాల్సా కొయ్యతో చెక్కిన బిగ్ ఓ అనే బొద్దు లూర్ కోసం పోటీదారులు ఎగబడ్డారు.

ఓక్లహోమాలోని నార్మన్‌లో స్టార్మ్ కంపెనీ చేసిన విగుల్ వార్ట్ అనే లూర్ సంగతి ఇంకా విచిత్రం. 1999లో ఆ కంపెనీని ఫిన్లండ్‌కు చెందిన రపాలా కొనేసింది. అప్పటినుంచి అమ్మకానికి ముందటివాటి కోసమే వేట. పాతది నీళ్లలో దారి తప్పుతూ ఈదుతుందనీ, కొత్తది అలా ఈదదనీ నమ్మకం. నా అభిప్రాయం అడిగితే, వాళ్లు పోగేసేది ఆ నడకను మాత్రమే కాదు, మూతపడ్డ కార్ఖానా మీద నమ్మకాన్ని కూడా. ఆక్రన్‌లో 1980ల మొదటికే కారు టైర్ల తయారీ దాదాపు ఆగిపోయింది. ఫైర్‌స్టోన్ 1988లో జపాన్ వాళ్ల చేతికి వెళ్లింది. ఆర్బోగాస్ట్, హెడన్, క్రీక్ చబ్ పేర్లు మూడూ ఆర్కన్సాలోని ఒకే కంపెనీ గొడుగు కిందికి చేరాయి. పెట్టె మీద పేరు ఉంది, ఊళ్లో పని లేదు.

2021లో విశాఖ స్టీల్‌ప్లాంటు అమ్మకం నిర్ణయం వెలువడినప్పుడు ఇక్కడి మిత్రులు కొందరు నన్ను అదేపనిగా అడిగారు, ఒక కార్ఖానా కోసం ఊరంతా రోడ్డెక్కడమేమిటని. 1966లో ఆ ఉక్కు కోసం 32 మంది ప్రాణాలు పోయాయని చెప్పాను. ఆక్రన్ పాతవాళ్లకు ఆ తర్వాత ఏమీ వివరించాల్సిన అవసరం రాలేదు.

మన బీచ్‌రోడ్డున కురుసుర జలాంతర్గామినీ, టీయూ-142 విమానాన్నీ చక్కగా నిలబెట్టుకున్నాం. పెదజాలారిపేటలో సూరచేపకు వేసిన గాలం తాళ్లకూ తెప్పకొయ్యలకూ, ప్లాంటు తొలి షిఫ్టుల గేటుపాసులకూ అంతే మర్యాద దక్కాలి. ఇక్కడి సేకర్తలు అట్టపెట్టె, కంపెనీ కాగితం ఉన్న లూర్‌కే ఎక్కువ ధర కడతారు, ఎందుకంటే ఎవరు, ఎప్పుడు చేశారో అది చెబుతుంది. మీ ఇంట్లో అలాంటి వస్తువుంటే పాతసామాను కొనేవాడికి తూకానికి వేయకండి. చేసినవారి పేరు, ఊరు, ఏడాది ఒక కాగితం మీద రాసి దానికి కట్టి ఉంచండి.