తాతముత్తాతల కాగితాలు: మెక్సికో అనుభవం

వంశవృక్షం అనగానే మన అభ్యుదయ రచయితల్లో చాలామందికి చిరాకు. అందుకు కారణం లేకపోలేదు. కృతిపతి వంశాన్ని సూర్యచంద్రుల దాకా పాకించిన అవతారిక పద్యాలు చదివి చదివి విసిగినవాళ్ళం. జమీందారుల వంశచరిత్రలు ఎవరి డబ్బుతో, ఎవరి మెప్పుకోసం తయారయ్యాయో ఎరిగినవాళ్ళం. అందువల్లనే కాబోలు, ఆ మధ్య ఒక గోష్ఠిలో నేను మెక్సికోలో జరిగే కుటుంబచరిత్రల పరిశోధన గురించి ఎత్తుకోబోతే, ఒక మిత్రుడు "తాతలు నేతులు తాగిన కథలు మనకెందుకండీ?" అని కొట్టిపారేశాడు. అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేను మెక్సికో చూడలేదు. నా చదువు తెలుగు సాహిత్యం. చిత్రకారుడు సికేరోస్ గురించి చదవబోయి, ఆయనను 1960 నుంచి 1964 దాకా బంధించిన లెకుంబెర్రి జైలు గురించి చదివాను. 1900లో తెరిచిన ఆ జైలును 1976లో మూసేశారు. 1982లో జాతీయ దస్త్రాలయాన్ని అందులోకి మార్చారు. ఒకప్పుడు ఖైదీలున్న కొట్లలో ఇప్పుడు కాగితాలున్నాయి. ఆ కాగితాల్లో ఎవరున్నారన్న కుతూహలమే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది.

మెక్సికోలో సామాన్యుడు తన పూర్వీకుల్ని వెదకాలంటే రెండు రకాల పుస్తకాలు వున్నాయి. 1859లో బెనీతో హువారెస్ ప్రభుత్వం జనన, వివాహ, మరణాల నమోదును చర్చి చేతిలోంచి లాక్కుని పౌర రిజిస్టరు పెట్టింది. అంతకు ముందరి కాలానికి చర్చి పుస్తకాలే దిక్కు. 1563లో ట్రెంట్ మతసభ చేసిన శాసనం వల్ల ఆ పుస్తకాలు పుట్టాయి. కనుక వెదికేవాడు అమ్మమ్మ జనన పత్రంతో మొదలుపెట్టి, పౌర రిజిస్టరు వెంట వెనక్కు నడిచి, అక్కడినుంచి పాదిరీ చేతిరాతలో పడతాడు. విప్లవకాలంలో, అంటే 1910–20 మధ్య, ఎన్నో వూళ్ళ దస్త్రాలు తగలబడ్డాయి. మిగిలినవాటిని 1950ల నుంచి యూటాలోని మార్మన్లు మైక్రోఫిల్ములకెక్కించారు. ఇప్పుడు చాలా భాగం ఇంట్లో కూర్చుని చూడవచ్చు.

అక్కడి పేర్ల పద్ధతి మనకు అసూయ పుట్టిస్తుంది. ప్రతివాడికీ రెండు ఇంటిపేర్లు, తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి. పెళ్ళయినా ఆడమనిషి తన పేరు పోగొట్టుకోదు. మా ఇంట్లో మా నాయనమ్మ తల్లి పుట్టింటి పేరేమిటని నేను అడిగి చూశాను. చెప్పగలిగినవాళ్ళు ఒక్కరు లేరు. అక్కడ ఆ జాడ కాగితం మీదనే వుంటుంది. అయితే ఈ సౌకర్యం అందరిదీ కాదు. ఇండియన్ రైతుకు చాలాకాలం ఇంటిపేరే లేదు. హువాన్ ఫ్రాన్సిస్కో అనో, మరియా మాగ్దలేనా అనో రెండు సాధువుల పేర్లు కలిపి పెట్టేవారు. కొడుక్కి మళ్ళీ వేరే రెండు పేర్లు. ఒకే వూళ్ళో పదిమంది హువాన్ ఫ్రాన్సిస్కోలుంటే నీ తాత ఎవరు?

అసలు చిక్కు మరొకటి. ఆ పుస్తకాల్లో పేరు పక్కన జాతి రాసేవారు. స్పానియార్డు, మెస్తీసో, ములాటో, ఇండియన్, ఇట్లా. పెద్ద పట్టణాల చర్చిల్లో స్పానియార్డులకు ఒక పుస్తకం, తక్కినవారికి వేరే పుస్తకం. ఇదంతా పాదిరీల చాదస్తమనుకుంటే పొరపాటు. ఇండియన్లూ, స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళూ, ములాటోలూ రాజుకు కప్పం కట్టాలి. స్పానియార్డుకూ మెస్తీసోకూ ఆ బాధ లేదు. ఒక్క మాట మారితే పన్ను మారుతుంది, కొలువు మారుతుంది. మాట మార్పించుకోగలిగిన ప్రతివాడూ మార్పించుకున్నాడంటే ఆశ్చర్యమేముంది? 18వ శతాబ్దపు చిత్రకారులు పదహారేసి పటాల్లో ఈ మిశ్రమాలన్నిటికీ వింత వింత పేర్లు పెట్టి బొమ్మలు గీశారు. ఆ పేర్లలో చాలా భాగం రిజిస్టర్లలో కనిపించనే కనిపించవు.

హోసే మరియా మొరేలోస్ సంగతి చూడండి. స్వాతంత్ర్యసమర నాయకుడు, 1765లో వయ్యదోలిద్ పట్టణంలో పుట్టాడు. జ్ఞానస్నానపు పుస్తకంలో ఆయన తల్లిదండ్రుల్ని స్పానియార్డులని రాశారు. ఆయనలో నల్లవారి రక్తమూ, ఇండియన్ రక్తమూ వున్నదని లోకం చెప్పుకుంది. చరిత్రకారుల్లో చాలామంది లోకం మాటనే నమ్ముతారు. విశేషమేమిటంటే, ఆయన ముత్తాత తన సంతతివారి కోసం ఒక చర్చి మాన్యం ఏర్పాటు చేశాడు. ఆ ముత్తాతకు మొరేలోస్ తాత అక్రమ సంతానం. కొడుకుకు ఆ మాన్యం దక్కాలని తల్లి హువానా పావోన్ ఏళ్ళ తరబడి వంశావళి కాగితాలు చూపి దావా నడిపింది. ఆ కొడుకే 1813లో చిల్పన్‌సింగో సభ ముందు పెట్టిన పత్రంలో బానిసత్వమూ, జాతుల తేడాలూ శాశ్వతంగా రద్దు కావాలని రాశాడు. వంశం నిరూపించుకోవటం ఎంత నీచమైన ప్రయాసో ఎరిగినవాడి చేతి రాత అది.

ఆయన కోరింది 1822లో కొంత జరిగింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 17న, పౌరుల్ని జాతిని బట్టి పేర్కొనరాదని కాంగ్రెసు శాసించింది. అప్పటినుంచి రిజిస్టర్లలో ఆ మాటలు పోయాయి. ఎవరు కాదంటారు, ఇది గొప్ప అడుగు. 1829లో, నల్లవారి సంతతికే చెందిన, కంచరగాడిదలు తోలి బతికిన విసెంతె గెర్రేరో దేశాధ్యక్షుడై బానిసత్వాన్ని రద్దు చేశాడు. కానీ మాట చెరిగినంత సులువుగా మనసు చెరగలేదు. రిజిస్టరులో "ములాటో" లేదు కనుక నల్లవాళ్ళే లేరని తరవాతి తరాలు నమ్మాయి. దేశమంతా స్పానిష్, ఇండియన్ రక్తాల కలయిక అనే సిద్ధాంతం 20వ శతాబ్దంలో పాఠ్యపుస్తకాలకెక్కింది. గొన్సాలో అగిర్రె బెల్త్రాన్ అనే వైద్యుడు దస్త్రాలు తవ్వి, 1946లో మెక్సికో నల్లవారి జనాభా మీద పుస్తకం వేసేదాకా ఈ మౌనాన్ని గట్టిగా కదిపినవారు లేరు.

ఆయన అక్కడితో ఆగక, పసిఫిక్ తీరాన కుఆహినికుయిలాపా అనే నల్లవారి వూరికి వెళ్ళి జనంతో మాట్లాడి, 1958లో మరో పుస్తకం వేశాడు. ఇక్కడే నోటిమాటకూ కాగితానికీ జరిగే తగాదా బయటపడుతుంది. ఆ తీరంలో పెద్దలు చెప్పే కథ ఒకటి వుంది. తమ పూర్వులు వస్తున్న ఓడ బద్దలై, వాళ్ళు ఈది ఒడ్డుకు చేరారనీ, అప్పటినుంచీ స్వేచ్ఛగా బతికారనీ. దస్త్రాలు వేరే చెబుతాయి. అక్కడ స్పానిష్ ప్రభువుల పశువుల మందలుండేవి. వాటిని కాయటానికి నల్ల బానిసల్ని, ములాటోల్ని తెచ్చారు. ఇతర చోట్లనుంచి పారిపోయిన బానిసలూ వచ్చి చేరారు. మరి ఓడ కథ అబద్ధమా? సంఘటనగా చూస్తే దానికి దస్త్రాల్లో ఆధారం లేదు. కానీ "మమ్మల్ని ఎవడూ కొనలేదు" అని ఒక జాతి తరతరాలుగా చెప్పుకోవటం కూడా చరిత్రే. ఆ మాట ఏ రిజిస్టరూ రాసుకోదు. దాన్ని పుక్కిటి పురాణమని తోసిపారేసే పరిశోధకుడికి సగం పనే తెలుసు.

ఇదే న్యాయం తలకిందులుగానూ వర్తిస్తుంది. మా తాత ఫ్రెంచి సైనికుడు, అందుకే మాకు లేతరంగు కళ్ళు అనే కథ అక్కడ చాలా కుటుంబాల్లో వినిపిస్తుంది. 1862–67 మధ్య ఫ్రెంచి సేనలు దేశంలో వున్నమాట నిజమే. కానీ పుస్తకం తెరిస్తే ఆ తాతకు రెండు తరాల ముందు ములాటో అని వున్న ఇల్లాలు కనిపించటం అరుదేమీ కాదు. ఆ కథ ఎవరిని కప్పిపుచ్చటానికి పుట్టిందో అప్పుడు తెలుస్తుంది. సూచికలో పేరు దొరికిందని సంతోషించి లేచిపోకుండా, పుట మొత్తం చదవాలి, అంచున రాసినది కూడా.

2019 ఆగస్టులో ఆఫ్రో-మెక్సికన్ ప్రజలకు రాజ్యాంగంలో గుర్తింపు వచ్చింది. 2020 జనాభా లెక్కల్లో, నీ పూర్వీకుల్ని బట్టీ, ఆచారాల్ని బట్టీ నువ్వు ఆఫ్రో-మెక్సికన్‌వా అని అడిగారు. 25,76,213 మంది అవునన్నారు. నూటికి ఇద్దరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే తన ముత్తవ్వ ఎవరో తెలిసివుండాలి గదా. వంశపరిశోధన గొప్పలకోసమే అన్న మా మిత్రుడికి ఈ అంకె చూపించాలి.

నోటిమాటను పద్ధతిగా పోగుచేయటం అక్కడ చాలా ముందుకు సాగింది. 1972లో జాతీయ మానవశాస్త్ర చరిత్ర సంస్థలో యుఖేనియా మేయర్ నాయకత్వాన విప్లవంలో పోరాడిన ముసలివాళ్ళ మాటలు టేపుల మీదికి ఎక్కించే పని మొదలైంది. దానికి నాలుగేళ్ళు ముందు, 1968లో, లూయీస్ గొన్సాలెస్ తన స్వగ్రామం సాన్ హోసే దె గ్రాసియా చరిత్రను చర్చి పుస్తకాలతోనూ, వూరి పెద్దల జ్ఞాపకాలతోనూ రాసి అచ్చువేశాడు. రాజధానిలో చదువుకున్న పండితుడు తన వూరి జనాన్నే చరిత్రకు ఆధారం చేసుకున్నాడు. ఆ పుస్తకం గురించి వేరే వ్యాసమే రాయాలి.

ఇక అనెనెకుయిల్కో. మొరేలోస్ పేరుతోనే వెలసిన రాష్ట్రంలో అది చిన్న పల్లె. చుట్టూ చెరకు తోటల ప్రభువులు దాని పొలాల్ని ఒక్కొక్కటే మింగుతూ వచ్చారు. 1909 సెప్టెంబరులో వూరి పెద్దలు వృద్ధులమైపోయామని దిగిపోయి, ముప్ఫైయేళ్ళ ఎమిలియానో సపాటాను వూరిపెద్దగా ఎన్నుకున్నారు. ఆయన ఇంట్లో చెప్పుకునే ఒక కథ వుంది. 1812లో మొరేలోస్ సేన కుఆవ్త్లా పట్టణంలో ముట్టడిలో చిక్కుకున్నప్పుడు, ఆయన మాతామహుడు హోసే సలాసార్ కుర్రతనంలో శత్రువు కన్నుగప్పి రొట్టెలూ వుప్పూ తుపాకిమందూ లోపలికి చేరవేశాడట. దీనికి ఏ చర్చి పుస్తకం సాక్ష్యం చెప్పగలదు?

పెద్దరికంతోపాటు పాత పెద్దలు సపాటాకు ఒక పెట్టె అప్పగించారు. అందులో స్పానిష్ వైస్రాయిల కాలం నుంచీ వూరి భూముల పత్రాలున్నాయి. ఆయనా, వూరి కార్యదర్శి ఫ్రాన్సిస్కో ఫ్రాంకోలూ చర్చిలో కూర్చుని, తక్కిన పనులు మాని, రోజుల తరబడి వాటిని చదివారు. కొన్ని మాటలు పూర్వుల భాష నహువాట్ల్‌లో వున్నాయి. తమ తాతల భాష తమకే అర్థం కాలేదు. అప్పుడు సపాటా ఫ్రాంకోను ఆ భాష బతికివున్న తెతెల్‌సింగో వూరికి పంపాడు. అక్కడి బడిపంతులు చదవలేకపోయాడు. చివరికి అక్కడి పాదిరీ చదివి చెప్పాడు. బడిపంతులు ఓడిపోయిన ఆ ఘట్టం చదివినప్పుడు, పంతులు వృత్తిలో వున్నవాడిని గనక, కొంచెం సిగ్గుపడ్డాను.

యుద్ధంలోకి దిగేముందు సపాటా ఆ కాగితాల్ని ఫ్రాంకోకు అప్పగించాడు. 1919లో సపాటాను మోసంతో చంపారు. ఫ్రాంకో కాగితాల్ని కాపాడుతూనే వున్నాడు. చాలా ఏళ్ళకు రాజధాని నుంచి హెసూస్ సొతేలో ఇంక్లాన్ అనే యువ ఉపాధ్యాయుడు వచ్చాడు. సపాటా అంటే సదభిప్రాయం లేకుండానే వచ్చాడు. ఫ్రాంకో అతణ్ణి పరీక్షించి, నమ్మి, పెట్టె తెరిచాడు. కాగితాల్లో లేనిది నోటితో చెప్పాడు. 1943లో అచ్చయిన సొతేలో పుస్తకంలో వూరిపెద్దల వరుస ఒకటి వుంది, స్పానియార్డులు రాకముందునుంచీ సపాటా దాకా. అదొక వంశవృక్షమే. కొమ్మలు మాత్రం రక్తంతో కాక, జనం ఎన్నికతో సాగాయి.

1947 డిసెంబరులో ఫ్రాంకోను చంపారు. కాగితాలు మాత్రం మిగిలాయి.