కూలీల వంశమూలాలు: పలివెల, కోనసీమ

కూలినాలి చేసుకుని బతికిన కుటుంబాల పూర్వీకులను పాత లెక్కల్లో, నక్షాల్లో వెతకడం కోనసీమలో తలకిందులుగా సాగుతుంది. ఊరు రాసుకోని పేర్లను ఓడలు రాసుకున్నాయి.

కొత్తపేట మండలంలోని పలివెలనే తీసుకుంటే, ఉమా కొప్పులింగేశ్వరాలయ శాసనాలు దాతలను చెబుతాయి. రెండు భాషల్లో ఉండటం వల్ల డైగ్లాట్ అనిపించుకున్న సెటిల్‌మెంటు రిజిస్టరు సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు చెబుతుంది. ఆ చేను దున్నిన పాలేరు అందులో ఉండడు. ఐర్లండులో 1847-1864 మధ్య సాగిన గ్రిఫిత్ మదింపు గుడిసెలో అద్దెకున్నవాణ్ణి సైతం నమోదు చేసింది. ఇక్కడ ఆ ఆసరా లేదు. జనాభా లెక్కల కాగితాలూ అందవు, 1948 చట్టం వాటిని గోప్యంగా ఉంచింది.

ఇక మిగిలింది సముద్రం దాటినవాళ్ళ జాబితాలు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ రేవు డర్బన్ చేరింది. 1911 వరకు నేటాల్‌కు 1,52,184 మంది భారతీయులు వెళ్ళారు. వారిలో గోదావరి జిల్లావారూ ఉన్నారు. జాబితాలో ఒక్కొక్కరికి ఒక్కో వరస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, చివర ఒంటిమీది గుర్తు. ముత్తాత నుదుటి మచ్చ మునిమనవడికి తెలిసేది ఆ చివరి గడిలోనే. మారిషస్‌లో 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు; అవి అక్కడి మోకా ఊరిలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి.

చిక్కల్లా ఇంటిపేరుతోనే. తెలుగువాడి ఆనవాలు అదే, జాబితాలో దానికి గడే లేదు. పైగా ఊళ్ళపేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినపడ్డట్టు ఉంటాయి. పలివెల పాలివేలగానూ పల్లివెలగానూ చదువుకోవచ్చు. కొత్తపేటలంటారా, లేని జిల్లా ఏది? అందుకే జిల్లా చూసుకోవాలి. 1859కి ముందు రాజమండ్రి జిల్లా, తర్వాత గోదావరి, 1925 నుంచి తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ. పాత నక్షాలూ ఆ పేర్ల కిందే దొరుకుతాయి.

రంగం, అంటే బర్మా, పోయినవాళ్ళ దారి వేరు. మేస్త్రీ ఇచ్చిన బయానాతో కాకినాడలో స్టీమరెక్కిన కూలీలకు నేటాల్ తరహా జాబితా లేదు. అక్కడ వాళ్ళను కోరంగి రేవు పేరుతో కొరంగీలన్నారు. 1942లో జపాను దాడితో బర్మా వదిలి అడవుల్లో పడి నడిచొచ్చినవాళ్ళ కబుర్లు ఇళ్ళల్లో నోటిమాటగానే మిగిలాయి.