పసిపిల్లల తుంటి కీలు చికిత్స: లోరెంజ్ నుంచి సాల్టర్ వరకు

తుంటి కీలును గిన్నెలో కుదురుకున్న బంతితో పోల్చవచ్చు. తొడ ఎముక తల బంతి, కటి ఎముకలోని గుంట గిన్నె. కొందరు శిశువులలో ఈ గిన్నె లోతు తక్కువగా ఉండి బంతి బయటికి జారిపోతుంది. నొప్పి ఉండదు కనుక బిడ్డ నడిచే వయసులో కుంటినప్పుడుగాని పెద్దలు గమనించరు. అప్పటికే చుట్టూ కండరాలు బిగిసిపోయి ఉంటాయి.

1890లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ హోఫా కీలును కోసి తెరిచి, గిన్నెను లోతుగా తొలిచి, తలను అందులో కూర్చాడు. వియన్నాలో అడాల్ఫ్ లోరెంజ్ కూడా మొదట ఇదే దారి పట్టాడు. కార్బాలిక్ ఆమ్లం చర్మానికి పడక సాధారణ శస్త్రచికిత్సకు దూరమై, ఎముకల వైద్యంలోకి వచ్చినవాడాయన. కోత పెట్టిన కీళ్లు చీము పట్టడం, బిగుసుకుపోవడం చూశాక కత్తిని పక్కన పెట్టాడు. బిడ్డకు మత్తు ఇచ్చి, కండరాలను సాగదీసి, చేతి బలంతోనే తలను గిన్నెలోకి నెట్టేవాడు. తరువాత తొడలు రెండూ కప్ప కాళ్లలా పూర్తిగా విడదీసి నెలల తరబడి ప్లాస్టర్ కట్టు వేసేవాడు. 1902లో షికాగో మాంస వ్యాపారి ఆర్మర్ కుమార్తెకు చికిత్స చేయడానికి ఆయన అమెరికా వెళ్లాడు. పత్రికలు ఆ 'రక్తం లేని శస్త్రచికిత్స'ను ఆకాశానికెత్తాయి.

కట్టు విప్పిన తరువాతి కథ పత్రికలకెక్కలేదు. తొడలను అంతగా విడదీసి బిగించినప్పుడు ఎముక తలకు రక్తం అందించే సన్నని నాళాలు నొక్కుకుపోతాయి. రక్తం అందక తల చచ్చి, ఆకారం చెడుతుంది. పైకి చక్కగా కుదిరిన కీలు యౌవనంలో అరిగి నొప్పి పెట్టేది. దీనికి లోరెంజ్‌ను నిందించడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఎక్స్-కిరణాలు కనుగొన్నదే 1895లో. లోపల జరిగేది ఏళ్ల తరబడి చూడగలిగాకనే ఈ నష్టం అర్థమైంది.

టొరంటో పిల్లల ఆసుపత్రిలో రాబర్ట్ సాల్టర్ వేరే ప్రశ్న వేసుకున్నాడు. లోపల కూర్చోబెట్టిన తల బిడ్డ నిలబడగానే మళ్లీ ఎందుకు జారుతోంది? గిన్నె లోతు తక్కువ కావడమే కాదు, అది ముందుకూ పక్కకూ ఎక్కువగా తిరిగి ఉందని ఆయన గ్రహించాడు. అందుకే గిన్నెను తొలవలేదు, తిప్పాడు. గిన్నెకు పైన కటి ఎముకను అడ్డంగా కోసి, కింది భాగాన్ని తలపై కప్పులా వచ్చేలా వంచి, ఆ సందులో బిడ్డ సొంత ఎముక నుంచే తీసిన ముక్కను చీలలా దిగగొట్టి, తీగలతో నిలిపాడు. 1957లో మొదలైన ఈ పద్ధతిని 1961లో ప్రచురించాడు. సుమారు ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల వయసు పిల్లలకు దీన్ని సూచించాడు.

ఈ లోగా ఇటలీలో మరినో ఒర్టోలానీ 1937లోనే శిశువు తొడలను మెల్లగా విడదీసి, తల గిన్నెలోకి దిగేటప్పటి చిన్న కదలికను వేళ్లతో పసిగట్టే పరీక్షను వివరించాడు. అలా మొదటి వారాల్లోనే తెలిస్తే చాలామందికి మెత్తని పట్టీలు చాలు. సాల్టర్ బల్లపైకి వచ్చేది ఎక్కువగా ఆ పరీక్ష జరగని, లేదా అందులో దొరకని పిల్లలే.